ఊగే పలక, కదిలే చెయ్యి: గ్రానైట్ షెడ్డు హాయిస్టుకు సైగ కంట్రోలర్ – పేటెంట్ కేస్ స్టడీ

ఈ కేసులోని షెడ్డు కరీంనగర్ దగ్గరిది. టాన్ బ్రౌన్ బ్లాకులు కోసి, పలకలకు పాలిష్ పెట్టి పంపే యూనిట్. పాలిషింగ్ లైను చివర ఒక టన్ను దాకా బరువు ఎత్తే ఎలక్ట్రిక్ హాయిస్టు ఉంది. 3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 20 మి.మీ. మందం ఉన్న పలక ఘనపు మీటరుకు 2.7 టన్నుల లెక్కన 290 కిలోలు తూగుతుంది. దాన్ని క్లాంపుతో పట్టి లేపి, పక్కకు జరిపి, స్టాండుకు ఆనించి దించాలి. నడిపే మనిషి కుడిచేతిలో పెండెంట్ స్విచ్ (హాయిస్టు నుంచి కేబులుతో వేలాడే బటన్ల పెట్టె), ఎడమచెయ్యి పలక అంచు మీద.

పెండెంట్‌తో వచ్చే చిక్కులు ఆ పని చేసేవాళ్లందరికీ ఎరుకే. గ్లాండు (కేబులు పెట్టెలోకి దూరే చోటి బిగింపు) దగ్గర కేబులు వంగి వంగి లోపలి తీగ తెగుతుంది. పాలిషింగ్ నీళ్లలో కలిసిన రాతిపిండి బటన్ల సందుల్లోకి పోయి గడ్డకడుతుంది. తడి గ్లోవుతో నొక్కితే పక్క బటను కూడా పడుతుంది. అన్నిటికన్నా చెడ్డది, కేబులు పొడవు ఎంతో మనిషి అంత దూరం లోపలే నిలబడాలి. పలక జారితే పడే చోటు కూడా అదే.

వరంగల్‌లోని ఒక చిన్న ఎలక్ట్రానిక్స్ యూనిట్ భాగస్వాములు నలుగురు దీనికోసం వైరు లేని చేతికర్ర లాంటి కంట్రోలర్ తయారుచేశారు. కొన పైకెత్తితే హాయిస్టు లేపుతుంది, కిందికి వంచితే దించుతుంది, మణికట్టు తిప్పితే హాయిస్టును మోసే ట్రాలీ పక్కకు పోతుంది. పేటెంటు దరఖాస్తు కోసం మా దగ్గరికి వాళ్లు రాసుకొచ్చిన మొదటి క్లెయిము, అంటే దేనిమీద హక్కు కావాలో చెప్పే వాక్యం, ఇది: "యాక్సిలరోమీటరు, జైరోస్కోపు ఉన్న చేతి పరికరం, దాని వంపును బట్టి హాయిస్టుకు లేపు, దించు అనే ఆదేశాలు పంపే ప్రాసెసరు."

ఈ క్లెయిము నిలవదు. వంపును ఆదేశంగా మార్చడం వీళ్లకంటే చాలా ముందే బయట ఉంది. యంత్రం ఎక్కడెక్కడ పొరపాటు పడిందో రాసుకున్న పుస్తకం తెప్పించి చూస్తేగాని, కాపాడుకోవాల్సింది ఏదో తేలలేదు.

ముందే ఉన్నవి

వెతుకులాట ఇండియన్ పేటెంట్ ఆఫీసు సెర్చ్, యూరప్ పేటెంట్ ఆఫీసు వారి ఎస్పాస్‌నెట్, గూగుల్ పేటెంట్స్‌లో జరిగింది. మాటలతో వెతికితే 'రిమోట్', 'వాండ్', 'పాయింటర్', 'ట్రాన్స్‌మిటర్' అని ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టి ఉంటారు, సగం తప్పిపోతాయి. పేటెంట్ ఆఫీసులు ఒక్కో విషయానికి ఇచ్చే వర్గీకరణ సంఖ్యలతో వెతకాలి. గాలిలో కదిలే పాయింటర్లకు జి06ఎఫ్ 3/0346, సైగలకు జి06ఎఫ్ 3/017, రిమోటును కదిపి నడపడానికి జి08సి 2201/32, క్రేన్ల రిమోటుకు బి66సి 13/40, వేలాడే బరువు ఊపు తగ్గించడానికి బి66సి 13/06. భాగస్వాములు మొదటి రెండే చూశారు. కేసును మార్చింది చివరి రెండు.

ఈ రంగంలో పెద్ద కంపెనీలు ఎప్పటినుంచో గట్లు వేసుకుని కూర్చున్నాయి. వీడియో గేముల కంపెనీ నింటెండో 2006లో తన 'వీ' ఆటయంత్రానికి కదిపి ఆడే వీ రిమోటు తెచ్చింది. అందులో అనలాగ్ డివైసెస్ వారి ఏడీఎక్స్‌ఎల్330 అనే మూడు అక్షాల్లో త్వరణం కొలిచే యాక్సిలరోమీటరు ఉంది. తిరిగే వేగం కొలిచే జైరో 2009లో మోషన్‌ప్లస్‌తో చేరింది. హిల్‌క్రెస్ట్ ల్యాబ్స్ గాలిలో తిప్పే పాయింటర్‌కు వరసగా పేటెంట్లు తీసుకుంది. పరికరాన్ని ఏ వాలులో పట్టుకున్నా కదలికను సరిచేయడం ఒకటి, చేతి వణుకును తీసేయడం ఇంకొకటి. 2008లో నింటెండో మీద కేసు వేసింది, 2009లో రాజీ కుదిరింది. శాంసంగ్ 2019లో నోట్ 10 ఫోనుతో వచ్చే ఎస్ పెన్‌కు ఆరు అక్షాల సెన్సారు పెట్టి గాలిలో గీసే సైగలు ఇచ్చింది. "వణుకు వడపోత మాది" అని భాగస్వాములు పెట్టిన రెండో క్లెయిము కూడా హిల్‌క్రెస్ట్ పత్రాలు చూడగానే పోయింది.

కోర్టు తీర్పుల్లో రెండు ఈ కేసు రాతను నేరుగా మార్చాయి.

మొదటిది అల్టిమేట్‌పాయింటర్ కంపెనీ నింటెండో మీద వేసిన కేసు. క్లెయిములో ఉన్న మాట 'చేతి పరికరం', అంతే. కానీ వివరణలో తమది నేరుగా గురిపెట్టే పరికరమని పదేపదే పొగుడుకుని, పరోక్షంగా గురిపెట్టేవాటిని తక్కువ చేసి రాశారు. 2016లో అమెరికా పేటెంట్ అప్పీళ్ల కోర్టు ఫెడరల్ సర్క్యూట్ ఆ పొగడ్తనే పట్టుకుని, 'చేతి పరికరం' అంటే నేరుగా గురిపెట్టేదే అని కుదించింది. నింటెండో ఉల్లంఘించలేదని తేలింది. మన భాగస్వాముల చిత్తుప్రతిలో "మా కర్ర పెండెంట్‌లా కేబులుతో వేలాడదు, అదే దీని గొప్ప" అని ఐదు చోట్ల ఉంది. ఐదూ తీసేశాం. రేపు ఎవరైనా కేబులున్న పెండెంట్‌లోనే ఇదే పద్ధతి పెడితే, ఆ పొగడ్తలు మన చేతులే కట్టేసేవి.

రెండోది, అమెరికాలోనే, ఐలైఫ్ కంపెనీ కేసు. శరీరం కదలికను పసిగట్టే పేటెంటుతో నింటెండో మీద వేస్తే 2017లో జ్యూరీ 1.01 కోట్ల డాలర్లు ఇమ్మంది. 2020లో జడ్జి ఆ క్లెయిము వట్టి ఊహ మాత్రమేనని కొట్టేశారు, 2021లో పై కోర్టు దాన్నే ఖాయం చేసింది. సెన్సారు కొలుస్తుంది, ప్రాసెసరు తేలుస్తుంది, కబురు పోతుంది అని మాత్రమే రాస్తే గతి అది. మన చట్టంలో ఈ దెబ్బ తగిలేది సెక్షన్ 3(కె) రూపంలో: కంప్యూటర్ ప్రోగ్రామ్, అల్గారిథమ్ వాటంతట అవి పేటెంటుకు పనికిరావు. 2019లో ఫెరిద్ అల్లానీ కేసులో ఢిల్లీ హైకోర్టు సాంకేతిక ఫలితం చూపిస్తే దారి ఉందని చెప్పింది. అందుకే క్లెయిము చివర సాఫ్ట్‌వేరు తేల్చిన మాట కాకుండా, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టరు స్విచ్ కాయిల్ కనబడాలి.

పరికరం

కర్ర పొడవు 190 మి.మీ., మందం 34 మి.మీ. లోపల ఒక 18650 సైజు బ్యాటరీ సెల్లు, యాక్సిలరోమీటరు, జైరో రెండూ ఉన్న ఎంపీయూ-6050 సెన్సారు, 865–868 మెగాహెర్ట్జ్ రేడియో. ఈ బ్యాండు మనదేశంలో పరిమితులకు లోబడి లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు, అయినా పరికరానికి కేంద్ర ప్రభుత్వ రేడియో అనుమతుల విభాగం డబ్ల్యూపీసీ నుంచి ఈటీఏ అనే ఆమోదం తీసుకోవాలి. బ్యాండు సంగతి ముందే చూసుకోకపోతే ఏమవుతుందో గూగుల్ పిక్సెల్ 4 చూపించింది. అందులో సైగలు పసిగట్టే సోలి రాడార్ 60 గిగాహెర్ట్జ్‌ది. ఆ బ్యాండుకు ఇక్కడ అనుమతి లేక 2019లో ఆ ఫోను ఇండియాలో అమ్మనేలేదు.

సెన్సారు సెకనుకు 100 సార్లు చదువుతుంది. జైరో సెకనుకు 500 డిగ్రీల పరిధిలో, యాక్సిలరోమీటరు 4 జి (భూమ్యాకర్షణ త్వరణానికి నాలుగు రెట్లు) పరిధిలో. రెండిటినీ 0.98 కాంప్లిమెంటరీ ఫిల్టరుతో కలుపుతారు, అంటే అర సెకను మేర జైరో మాట, ఆపైన భూమ్యాకర్షణ మాట. మొత్తం త్వరణం 0.8 జి నుంచి 1.2 జి మధ్య లేకపోతే ఆ నమూనాలో యాక్సిలరోమీటరును నమ్మరు. కర్రను కుడి ఎడమలకు చూపించడాన్ని ఆదేశంగా అసలు వాడలేదు. ఆ దిశకు భూమ్యాకర్షణ ఆధారం ఉండదు, జైరో మెల్లగా జారిపోతుంది, దిక్సూచి సెన్సారు పెడితే ఇనుప గాంట్రీ చట్రం, మోటారు పక్కన అది తప్పు చెబుతుంది. పక్కకు పోవడానికి మణికట్టు తిప్పడం ఎంచుకున్నది అందుకే.

పట్టు స్విచ్ మూడు స్థానాలది: వదిలితే ఆఫ్, మధ్యలో పడితే ఆన్, భయంతో గట్టిగా పిసికినా ఆఫ్. రిసీవరుకు 50 మి.సె.కు ఒక కబురు అందాలి. 200 మి.సె. అందకపోతే మెయిన్ కాంటాక్టరు పడిపోతుంది. గోడ మీది ఎమర్జెన్సీ స్టాప్ వైరుతోనే ఉంటుంది, దాన్ని ఎవరూ ముట్టకూడదు.

మణికట్టు పట్టీ చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ వీ రిమోటు చేతుల్లోంచి జారి టీవీలకు తగిలినప్పుడు నింటెండో 2006 డిసెంబరులో 32 లక్షల పట్టీలు మార్చాల్సి వచ్చింది, తాడు మందం 0.6 మి.మీ. నుంచి 1 మి.మీ.కు పెంచింది. ఇక్కడ 3 మి.మీ. అల్లిక తాడు వాడారు, గట్టిగా లాగితే విడిపోయే క్లిప్పుతో. క్లిప్పు లేకపోతే తాడు క్లాంపుకు చిక్కినప్పుడు చెయ్యి కూడా పోతుంది.

ఎక్కడెక్కడ తప్పింది

మొదటి తప్పు, తిరుగు కదలిక. కొన పైకెత్తి లేపి, చెయ్యి మళ్లీ మామూలుకు తెచ్చేసరికి యంత్రం దాన్ని 'దించు' అనుకుంది. మందు సులువే. పట్టు నొక్కిన క్షణాన చెయ్యి ఏ వాలులో ఉందో అదే సున్నా. అక్కడినుంచి 25 డిగ్రీలు దాటి 120 మి.సె. నిలిస్తేనే ఆదేశం. మళ్లీ 10 డిగ్రీల లోపలికి వచ్చేదాకా ఇంకో ఆదేశం ఒప్పుకోదు.

రెండోది, అలసట. పలక నిలబెట్టేదాకా చెయ్యి చాపి ఉంచితే కొన దానంతట అదే వాలుతుంది. అది కూడా 25 డిగ్రీలు దాటుతుంది. అలసిన చెయ్యి మెల్లగా దిగుతుంది, సైగ చేసే చెయ్యి విసురుగా కదులుతుంది. కదలిక మొదట్లో సెకనుకు 60 డిగ్రీల వేగం ఉండాలన్న షరతు దీన్ని ఆపింది.

మూడోది స్విచ్‌లోనే వచ్చింది, ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. రాతిపిండి సందులో ఆరి, స్విచ్ మధ్య స్థానంలోనే బిగుసుకుంది. చెయ్యి వదిలినా కర్రకు ఆన్ అనే కనిపించింది. ఇప్పుడు దానిమీద సిలికాన్ తొడుగు ఉంది, లోపల రెండు కాంటాక్టులు వేరువేరుగా చదువుతారు, రెండూ 50 మి.సె. లోపల ఒకే మాట చెప్పకపోతే కర్ర లాక్ అవుతుంది. షిఫ్టు మొదట్లో ఒకసారి వదిలి, ఒకసారి పిసికి చూపిస్తేనే తెరుచుకుంటుంది.

ఈ మూడింటికీ మందులు మంచివే. పేటెంటుకు మాత్రం ఏవీ ఒంటరిగా నిలవవు, విడివిడిగా అన్నీ తెలిసినవే. తెలిసిన పరికరాలను పక్కపక్కన పెట్టి, ఒక్కొక్కటి తన పని తాను చేసుకుంటుంటే సెక్షన్ 3(ఎఫ్) అడ్డం వస్తుంది.

నాలుగోది పుస్తకంలో "కారణం తెలియదు" అని రాసి వదిలేసిన తప్పు. పలక గాలిలో ఉండగా, ఎవరూ సైగ చేయకుండానే ట్రాలీ కదిలేది. అవతలి అంచు పట్టుకున్న మనిషి "ఆపన్నా, ఆపు!" అని అరిస్తే కర్ర పట్టుకున్నాయన "నేనేం చెయ్యలే" అనేవాడు. ఆయన మాట నిజమే. తాడు పొడవు 3 మీటర్లు. అంత పొడవున వేలాడే బరువు ఒకసారి ఊగి రావడానికి 3.5 సెకన్లు పడుతుంది. ఎడమచేత్తో పట్టుకున్న పలక ఊగితే మనిషి నడుము నుంచి దానివెంట కదులుతాడు, కాలు మార్చుకుంటాడు, ఆ కుదుపుకు కుడిచేతి మణికట్టు తిరుగుతుంది. ట్రాలీ కదిలితే ఊపు ఇంకా పెరుగుతుంది. చేతి కదలికల రికార్డును తాడు లెక్కతో పక్కపక్కన పెట్టి చూడగానే ఆ 3.5 సెకన్ల లయ కనిపించింది.

ఇక్కడే అసలు ఆవిష్కరణ దొరికింది. కొక్కెం బ్లాకుకు రెండో సెన్సారు బిగించి, చేతి కదలికను కొక్కెం కదలికతో పోల్చాలి. రెండూ ఒకే లయలో ఉంటే ఆ కదలిక మనిషి ఉద్దేశించింది కాదు, పలక లాగింది.

రెండో సెన్సారు మొదటి ప్రయత్నంలో ఏమీ చెప్పలేదు. ఖర్చు తగ్గుతుందని యాక్సిలరోమీటరు ఒక్కటే పెట్టారు. పలక కళ్లెదుట ఊగుతున్నా గ్రాఫు దాదాపు గీతలా ఉంది. సెన్సారు పాడైందనుకుని రెండు మార్చారు కూడా. పాడవలేదు. తాడుకు వేలాడి ఊగే వస్తువు మీద యాక్సిలరోమీటరుకు తెలిసేది తాడు లాగుడు మాత్రమే, అది ఎప్పుడూ తాడు వెంబడే ఉంటుంది, కాబట్టి సెన్సారుకు తాను నిటారుగా ఉన్నట్టే తోస్తుంది. ఊయలలో కూర్చున్న పిల్ల ఒళ్లో గిన్నెలో నీళ్లు ఒలకకపోవడం ఇదే సంగతి. ఊపును పట్టాలంటే జైరోయే కావాలి.

జైరో పెట్టినా ఇంకో చిక్కు. 4 డిగ్రీల ఊపుకు తిరిగే వేగం గరిష్ఠంగా సెకనుకు 7 డిగ్రీల చిల్లర. ఎంపీయూ-6050 కదలకుండా ఉన్నప్పుడే చూపించే తప్పు, డేటాషీట్ ప్రకారం, సెకనుకు 20 డిగ్రీల దాకా అటూ ఇటూ ఉండొచ్చు. ఆ తప్పును తీసేయకుండా పోలిస్తే అర్థం లేదు. పోల్చే కిటికీ, అంటే ఒకసారి తీసుకుని చూసే కాలం ముక్క, సగం ఊపు, 1.8 సెకన్లు. ఆ కిటికీలోనే సగటు తీసి పారేస్తే అసలు సంకేతంలో పెద్ద భాగం దానితోపాటే పోతుంది. కాబట్టి హాయిస్టు ఖాళీగా, కదలకుండా ఉన్న 2 సెకన్లలో సున్నా కొలిచి పెట్టుకుంటారు. చెయ్యి పలక వెనకాల 400 మి.సె. దాకా ఆలస్యంగా కదలొచ్చు, అంతవరకు జరిపి చూసి ఎక్కడ ఎక్కువ పోలిక ఉందో తీసుకుంటారు. పూర్తిగా ఒకే లయ అయితే 1 అయ్యే ఈ పోలిక 0.6 దాటితే సైగకు కావాల్సిన కోణం 25 నుంచి 40 డిగ్రీలకు పెరుగుతుంది. ఆపడానికి మాత్రం ఏ షరతూ లేదు. పట్టు వదిలితే చాలు.

క్లెయిము, కాగితాలు

దాఖలు ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ చేయాలి. కొత్త మొదటి క్లెయిము సారం తెలుగులో ఇలా ఉంటుంది: "పట్టు స్విచ్, మొదటి జైరో ఉన్న చేతి పరికరం, కొక్కెం బ్లాకుకు బిగించిన రెండో జైరో, రెండిటి సంకేతాలను ఒకే కాలవ్యవధిలో పోల్చి, పోలిక నిర్ణీత హద్దు దాటినప్పుడు సైగను ఆదేశంగా ఒప్పుకునే కోణాన్ని పెంచే కంట్రోలరు, ఆ కంట్రోలరు అనుమతి లేనిదే మోటారు కాంటాక్టరు కాయిల్‌కు కరెంటు అందనివ్వని రిలే." 0.6, 40 డిగ్రీలు, 400 మి.సె. కింది క్లెయిముల్లోకి వెళ్లాయి. అంకెలు మొదటి క్లెయిములో పెడితే పోటీవాడు 0.55 పెట్టి తప్పుకుంటాడు.

ప్రొవిజనల్ (తేదీ పట్టుకోవడానికి ముందుగా వేసే తాత్కాలిక దరఖాస్తు) దాఖలుకు ముందే ఒక పొరపాటు జరిగిపోయింది. కర్ర ఎత్తితే పలక లేస్తున్న వీడియోను డీలర్ల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ముందే బయటపెట్టినదానికి మన చట్టంలో వెసులుబాటు ఉన్నది ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనల వంటి కొన్నిటికే. డీలర్లకు పంపిన వీడియో అందులోకి రాదు. అదృష్టం ఏమిటంటే వీడియోలో కనిపించింది వంపు సైగ మాత్రమే, కొక్కెం సెన్సారు అప్పటికి లేదు.

ఫీజుల సంగతి క్లుప్తంగా. నలుగురూ వ్యక్తులుగా దరఖాస్తు చేశారు కాబట్టి ఆన్‌లైన్ దాఖలుకు 1,600 రూపాయలు. పూర్తి స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ పత్రం) ప్రొవిజనల్ వేసిన 12 నెలల లోపల, 34 పేజీలు, 14 క్లెయిములు. 30 దాటిన ఒక్కో పేజీకి 160, 10 దాటిన ఒక్కో క్లెయిముకు 320, అంటే మరో 1,920. త్వరగా ప్రచురించమని ఫారం 9కి 2,500, పరీక్షించమని ఫారం 18కి 4,000. మొత్తం 10,020. ఫారం 18 గడువు పాత 48 నెలలు కాదు, 2024 మార్చి 15న వచ్చిన సవరణతో ప్రాధాన్య తేదీ (ఇక్కడ ప్రొవిజనల్ వేసిన తేదీ) నుంచి 31 నెలలు. దాటితే దరఖాస్తు ఉపసంహరించుకున్నట్టే. తర్వాత హక్కును కంపెనీ పేరిట రాసిస్తే, ఆ కంపెనీ స్టార్టప్‌గానో చిన్న యూనిట్‌గానో రుజువు చూపకపోతే ఫీజు తేడా కట్టాల్సి ఉంటుంది. తెలంగాణ దరఖాస్తులు చెన్నై ఆఫీసుకు పోతాయి.

మొదటి పరీక్ష నివేదిక

జవాబుకు ఆరు నెలలు, అడిగితే ఇంకో మూడు. ఎగ్జామినరు రెండు పాత పత్రాలు చూపించారు: ఒకటి కదిపి నడిపే రిమోటు, రెండోది ఊపును కొలిచి ట్రాలీ వేగం తగ్గించే క్రేను. రెండూ కలిపితే మీదే కదా అన్నది అభ్యంతరం. జవాబు బి66సి 13/06 పత్రాలు ముందే చదివి ఉండబట్టి తేలిక అయింది. ఆ క్రేనులో ఊపు కొలత మోటారుకు పోతుంది, మనిషి చేతిని అనుమానించడానికి కాదు. చేతి కదలికకు కారణం బరువే కావచ్చన్న ఊహ ఆ రెండు పత్రాల్లో ఎక్కడా లేదు, కాబట్టి వాటిని కలపడానికి దారి చూపేది ఏదీ లేదు. ఊపు లేనప్పుడు 25 డిగ్రీలకే పనిచేస్తూ, ఊపు ఉన్నప్పుడే గట్టిపడటం వల్ల వాడుక కష్టం కాకుండానే తప్పుడు కదలిక ఆగుతుందని గ్రాఫులతో చూపించాం. గ్రాఫులు మొదటి స్పెసిఫికేషన్‌లోనే ఉన్నాయి. సెక్షన్ 59 ప్రకారం మొదట చెప్పనిదాన్ని సవరణతో చేర్చలేం.

3(కె) అభ్యంతరం 'పద్ధతి' క్లెయిములు మూడింటి మీద వచ్చింది. వాటిలో రిలే లేదు, పోల్చడం, హద్దు పెంచడం మాత్రమే ఉన్నాయి. వాటికోసం పోట్లాడకుండా తీసేశాం. అమ్ముడుపోయేది యంత్రం. దాన్ని కాపాడే క్లెయిములు ఉన్నాయి. "దాదాపు ఒకే లయ" అన్న మాటకు స్పష్టత లేదన్న అభ్యంతరానికి పోలిక సూత్రం రాసి ఇచ్చాం.

ఒక నష్టం మాత్రం మిగిలింది. ప్రొవిజనల్‌లో తాడు 3 మీటర్లు, కిటికీ 1.8 సెకన్లు అని అంకెలుగానే రాశారు. తర్వాత ఎత్తు ఎక్కువున్న ఇంకో షెడ్డులో కొక్కెం 5.5 మీటర్ల కింద వేలాడింది. అక్కడ ఒక ఊపుకు 4.7 సెకన్లు, సగం ఊపు 2.35. పాత కిటికీ చాలక పోలిక 0.6 అందుకోలేదు, ట్రాలీ మళ్లీ తనంతట తాను కదిలింది. డ్రమ్ము తిరిగిన చుట్లు లెక్కబెట్టి తాడు పొడవు తెలుసుకుని, దాన్నిబట్టి కిటికీని మార్చే పద్ధతి పూర్తి స్పెసిఫికేషన్‌లోనే చేరింది. అందుకే ఆ ఆరో క్లెయిముకు ప్రొవిజనల్ తేదీ దక్కలేదు, పూర్తి స్పెసిఫికేషన్ వేసిన తేదీయే దాని తేదీ. ఆ రెండు తేదీల మధ్య ఎవరైనా అదే పద్ధతిని ముందుగా దాఖలు చేసి ఉంటే, ఆరో క్లెయిము మనకు దక్కదు.